చొక్కా జేబులో ప్రభుత్వం

రేపల్లెలో మా సంఘం ఆడవాళ్లకు ప్రభుత్వమంటే కలెక్టరాఫీసు కాదు, వార్డు సచివాలయం కూడా కాదు. సంఘ పెద్దగారి చొక్కా జేబు.

ఆదివారం ఆరాధన ముగిసి, పాస్టరుగారు దీవెన చెప్పి పక్కకు తప్పుకోగానే పెద్దగారు లేచేవాడు. కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని జేబులోంచి ఫోను తీసేవాడు. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాల్సిన ఆడవాళ్లంతా చెప్పులేసుకోకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు. "నీకు గ్యాసు మెసేజొచ్చింది. నీకు బియ్యం కార్డు కేవైసీ చేయించుకోమని వచ్చింది. నువ్వు సాయంత్రం ఇంటికి రా, నీదేదో నెంబరొచ్చింది." ఇలా ఒక్కొక్కరికీ చెప్పేవాడు. ఎవరికి ముందు చెప్పాలో, ఎవరిని సాయంత్రం దాకా నిలబెట్టాలో ఆయన ఇష్టం.

ఇదంతా ఎలా మొదలైందో అక్క చెప్పేది. ఏళ్ల కిందట మా గుడి హాల్లోనే ఆధార్ క్యాంపు పెట్టారట. కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి ఫోన్ నెంబరు చెప్పమంటే ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారట. అప్పుడు పెద్దగారు ముందుకొచ్చి, "నా నెంబరు వేసెయ్యి బాబూ. అందరూ నా బిడ్డలేగా" అన్నాడట. అందరూ సంతోషించారు. ప్రార్థన కూడా చేశారట. నేనప్పుడు అంగలకుదురులో కాపురం చేస్తున్నాను. ఉండి ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. మా ఆయన పోయాక అక్క దగ్గరికి వచ్చేసే సరికి సంఘంలో సగం మంది ఆడవాళ్ల ఓటీపీలు ఆ ఒక్క ఫోనుకే పోతున్నాయి.

ఓటీపీ లేకుండా వేలిముద్రతో పని జరుపుకోవచ్చు కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. మా వాళ్లలో చాలామంది రొయ్యల షెడ్డులో పనిచేస్తారు. పొద్దున్నే ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయాలి, పొట్టు ఒలవాలి. నాలుగేళ్లు ఆ పని చేస్తే వేళ్ల మీద గీతలు మిగలవు. సచివాలయంలో ఆ చిన్న మిషను మీద బొటనవేలు పెడితే ఎర్ర లైటే. కొబ్బరినూనె రాసి, చీరకొంగుతో తుడిచి, మళ్లీ పెట్టినా ఎర్ర లైటే. ఇక ఫోనుకొచ్చే నెంబరే దిక్కు. ఆ నెంబరు పెద్దగారి దగ్గర.

ఒకసారి కాలేజీ నుంచి ఒక అమ్మాయి ట్యాబు పట్టుకుని మా గుడికి వచ్చింది. ప్రజలు ప్రభుత్వ సేవల్ని ఆన్‌లైన్లో వాడుకోవడానికి ఎందుకు వెనకాడుతున్నారో తెలుసుకోవడం ఆ అమ్మాయి చదువులో భాగమట. ఆడవాళ్లని అడిగితే పెద్దగారే సమాధానం చెప్పాడు.

"మావాళ్లకి చదువు లేదమ్మా. భయం. టెక్నాలజీ అంటే అలవాటు లేదు. అన్నీ నేనే చూసుకోవాల్సొస్తంది."

"అవగాహన లేదంటారా సార్?"

"అసలు లేదమ్మా."

ఆ అమ్మాయి ట్యాబులో ఏదో నొక్కింది. మావాళ్లు తలలూపారు. నేనూ పక్కనే ఉన్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. వాడుకోకపోవడానికి కారణం ఆ అమ్మాయి ఎదుటే, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉంది.

అయినా అప్పటికి నాకు ఆయన మీద పగ లేదు. చిరాకు మాత్రమే. పగ అక్క విషయంలో వచ్చింది.

అక్కకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ బుర్ర మాత్రం కత్తిలా ఉంటుంది. షెడ్డు పని పోయింది. నా కుట్టుమిషను మీద ఇద్దరం బతుకుతున్నాం. సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం దీనుల కానుక ఇస్తారు. బియ్యం, పప్పు, నూనె. ఇవ్వడం మంచిదే. కానీ మా పెద్దగారి పద్ధతి ఏంటంటే, తీసుకునేవాళ్ల పేర్లు అందరి ముందూ చదివి పిలుస్తాడు. పిలిచినవాళ్లు లేచి నిలబడి "వందనాలు" చెప్పాలి. అక్క నిలబడలేదు. కూర్చున్నచోటే తల వంచుకునేది. ఒకప్పుడు ఆ కానుక పెట్టెలో వారం వారం వేసిన మనిషి ఆమె.

"సదరం సర్టిఫికెట్టొస్తే నా పేరు తీసేయించుకుంటానే," అనేది నాతో. సదరం అంటే ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్లు చూసి అవిటితనం ఎంతుందో నిర్ణయించి ఇచ్చే సర్టిఫికెట్టు. అదుంటేనే దివ్యాంగుల పింఛను. ఆ పింఛను మీద అక్క ఆశ తిండి కోసం కాదు. తన పేరు ఇంకొకరి నోట అలా వినపడకూడదు. అంతే.

సచివాలయంలో స్లాటుకు పేరు రాయించాం. ఆసుపత్రి, తారీకు మెసేజులో వస్తాయన్నారు. ఎవరి ఫోనుకో చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను మా గుడి స్త్రీల సమాజంలో నోరు తెరిచాను. నేను పిల్లలకు ఆదివారం బడిలో వాక్యం చెబుతాను కాబట్టి అందరూ టీచరమ్మా అంటారు, నా మాట కాస్త వింటారు. "దానం చాటుగా చెయ్యమని కదా మనం నేర్చుకున్నది. పేర్లు చదవడం మానేసి ఎవరింటికి వాళ్లకి పంపిస్తే ఏం పోతుంది?" అన్నాను. ఆ మాట సాయంత్రానికల్లా పెద్దగారి చెవిన పడింది. తర్వాత ఆదివారం నాకు ఎదురుపడి, "వాక్యం బాగా చదువుతున్నారమ్మా" అని నవ్వి పోయాడు.

రోజులు గడిచాయి. మెసేజు మాట లేదు. నేనే సచివాలయానికి వెళ్లి అడిగితే, అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మీ అక్కగారికి బాపట్లలో స్లాటొచ్చిందండి. నిన్నటితో అయిపోయింది. వెళ్లలేదా?" అంది.

నేరుగా పెద్దగారింటికి వెళ్లాను. వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు.

"అన్నయ్యగారూ, అక్కకి సదరం మెసేజేమన్నా వచ్చిందాండి?"

"రోజుకి వంద మెసేజులొస్తాయమ్మా. అన్నీ చదువుతా కూర్చుంటే నా పనెవరు చూస్తారు?"

"తారీకు అయిపోయిందంటండి."

"అయిపోతే మళ్లీ పెట్టుకోండి. దేవుడి చిత్తం అలా ఉంది."

నేను బయటికొస్తుంటే ఆయన భార్య పెరటి వైపు నుంచి వచ్చి గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చిందమ్మా. నా ముందే చదివారు. టీచరమ్మ నోరు కాస్త తగ్గాక చెబుదాంలే అన్నారు. నేను చెప్పానని అనబాకు."

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. "స్లాట్లు మళ్లీ ఎప్పుడిస్తారంట?" అని మాత్రం అడిగింది. ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు.

పగ తీర్చుకోవడం మనిషి పని కాదని, అది దేవుడికి వదిలెయ్యాలని పిల్లలకు నేర్పేదాన్ని నేనే. ఆ మాటను నేను కాదనను. కానీ దేవుడు తన పనులన్నీ ఆకాశం నుంచి చెయ్యడు. దగ్గర్లో ఖాళీగా ఉన్న మనిషిని పిలుస్తాడు. నేను ఖాళీగా ఉన్నాను. మోకాళ్ల మీద పడి ఆయన కాళ్లు విరగాలని అడగలేదు, ఆయన పిల్లలకు కీడు జరగాలని అడగలేదు. ఆ ఫోను మోగకూడదని అడిగాను. అంతకంటే పెద్ద శిక్ష ఆయనకు లేదని నాకు తెలుసు.

ముందు అక్కతోనే మొదలుపెట్టాను. రేపల్లెలో వేలిముద్ర పడనివాళ్లకు నెంబరు మార్చలేమన్నారు. తెనాలిలో ఒక ఆధార్ కేంద్రంలో కంటిపాప ఫొటో తీసే మిషను ఉందని తెలిసింది. పొద్దున ప్యాసింజరులో అక్కను కూర్చోబెట్టుకుని వెళ్లాను. అక్కడి అబ్బాయి కంటికి ఒక డబ్బా లాంటిది పెట్టి చూశాడు. ఒక్కసారికే పడింది. "ఏ నెంబరు వెయ్యమంటారండి?" అని అడిగాడు. నా నెంబరు చెప్పాను. తిరుగు రైల్లో నాకు అన్నం తినాలనిపించలేదు, అంత సంతోషంగా ఉంది.

తర్వాత స్త్రీల సమాజంలో మిగతావాళ్లకు చెప్పాను. ఎవరి నెంబరు వాళ్లు పెట్టుకోండి, మాటలకి పనికొచ్చే చిన్న ఫోనైనా చాలు అన్నాను. షెడ్డులో అందరికంటే పెద్దావిడ ముందు లేచింది.

"మాకు అక్షరమ్ముక్క రాదు కదా టీచరమ్మా. ఫోను పెట్టుకుని ఏం చూసుకోమంటావు?"

గుడిలో ఆ వారం పాడాల్సిన పాటల నెంబర్లు బోర్డు మీద పెడతారు. ఆవిడ చేతిలో పాటల పుస్తకం ఉంది.

"మామ్మా, మూడొందల ఇరవై ఏడో పాట తియ్యి."

ఆవిడ వేలు తడుపుకుని చకచకా తీసింది.

"చదువు రాని దానివి ఎలా తీశావు?"

"అంకెలొచ్చుగా. ఇన్నేళ్ల బట్టి తీస్తన్నా."

"ఓటీపీ అంటే ఆరంకెలు. రెండు పాటల నెంబర్లు పక్కపక్కన రాసినట్టు. అంతే."

పక్కావిడ నవ్వి, "అయితే గవర్నమెంటోళ్లు మనకి పాటలు పంపుతారన్నమాట" అంది. గది నిండా నవ్వులు లేచాయి. ఆ నవ్వు గోడ అవతలికి వినిపించాలని నేను కోరుకున్నాను.

వినిపించింది. తర్వాత ఆదివారం పెద్దగారు దీవెన కాగానే లేచి, "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బ్యాంకోళ్లు నెత్తీ నోరూ కొట్టుకుంటన్నారు. ఎవరెవరో మిమ్మల్ని తెనాలి తిప్పుతున్నారు. రేపు పింఛనాగినా, బియ్యమాగినా నన్నడగొద్దు" అన్నాడు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న మనిషి ఆ మాట అంటూ చేతిలో పట్టుకున్నది అందరి ఓటీపీలూ వచ్చే ఫోనే.

ఆ మాటకు సగం మంది వెనక్కి తగ్గారు. భయమంటే అదీ. కంప్యూటరంటే కాదు, ఫోనంటే కాదు, ఉన్నది పోతుందేమోనని. మామ్మ కూడా మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"నెంబరు మారిస్తే పింఛను ఆగిపోద్దంట కదే."

"ఎవరన్నారు?"

"పెద్దయ్యగారు."

"ఇప్పుడాగితే నీకెలా తెలుస్తుంది మామ్మా?"

"ఆయన చెబుతారు."

"చెప్పకపోతే?"

మామ్మ లోపల మంచం మీద ఉన్న అక్క వైపు చూసింది. అక్క చూపు తిప్పుకోలేదు. మరుసటి రైలుకే మామ్మ స్టేషనుకు వచ్చింది, కొడుకు పాత ఫోను కొంగున ముడేసుకుని.

అలా ఇద్దరిద్దరుగా, ముగ్గురుగా తీసుకెళ్లాను. షెడ్డుకు సెలవున్న రోజు చూసుకుని వెళ్లేవాళ్లం. కేంద్రంలో అబ్బాయి, "కళ్లు బాగా పెద్దవి చెయ్యండమ్మా" అనేవాడు. "ఎదురుగా పెద్దయ్యగారున్నారనుకో" అని వెనక నుంచి ఎవరో అంటే, మామ్మ "అయితే మూసుకుపోతాయే" అంది. తిరుగు రైల్లో పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్లం. ఎదుటి బెంచీవాళ్లు ఏ సువార్త సభకో వెళ్లొస్తున్నామనుకునేవాళ్లు. నా మట్టుకు నాకు అది సభే. ఒక్కో నెంబరూ ఆ ఫోనులోంచి ఊడినప్పుడల్లా నాకు గోడలో ఇటుక లాగినట్టుండేది.

ఒక ఆదివారం వచ్చింది. నేను కావాలనే ముందు వరసలో కూర్చున్నాను. దీవెన అయింది. పెద్దగారు లేచి, కళ్లజోడు జార్చి, ఫోను తీశాడు. వేలితో పైకి నెట్టాడు, కిందికి లాగాడు. గుమ్మం దగ్గర ఆగినవాళ్లు ఎవరూ లేరు. చెప్పులేసుకునే చప్పుడు, పిల్లల్ని పిలుచుకునే చప్పుడు. ఆయన తలెత్తి, "ఎవరికైనా ఏమన్నా చూడాలా?" అన్నాడు. ఎవరో వెళుతూ వెళుతూ, "వచ్చేసింది లెండి అయ్యగారూ, మా ఫోనుకే వచ్చింది" అని చెప్పి పోయారు. ఆయన ఇంకా ఫోను వైపే చూస్తున్నాడు. నేను కదలకుండా కూర్చుని, ఆ ముఖాన్ని తనివితీరా చూశాను. ఆ రోజు విన్న ప్రసంగంలో ఒక్క ముక్క గుర్తు లేదు, ఆ ముఖం గుర్తుంది.

దానికంటే గట్టి దెబ్బ ఒకటి పడింది. అది నేను కొట్టింది కాదు. పెద్దగారి భార్య ఒకరోజు చేతిసంచీతో స్టేషనుకొచ్చి మా పక్కన నిలబడింది. "నాది కూడా ఆయన ఫోనుకే ఉందమ్మా. ఏదొచ్చినా నాకు తెలీదు. నేనూ వస్తాను" అంది. దారంతా ఆవిడ కిటికీ లోంచి చూస్తూ కూర్చుంది. కేంద్రంలో తన నెంబరు తనే చెప్పింది. ఆ రాత్రి వాళ్లింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. జరగాల్సిందే జరిగి ఉంటుందనుకున్నాను.

అంతలో స్లాట్లు మళ్లీ తెరిచారు. అక్క మెసేజు ఈసారి నా ఫోనుకొచ్చింది. బాపట్ల ఆసుపత్రి. రేపల్లె నుంచి బస్సులో అక్క కూర్చోలేదని తెనాలి మీదుగా రైల్లో వెళ్లాం. ఆసుపత్రి వసారాలో మాలాంటివాళ్లు చాలామంది. డాక్టరుగారు అక్క చెయ్యి ఎత్తించి, వేళ్లు ముడిపించి, నాలుగడుగులు నడిపించి చూశాడు. "ఇన్నాళ్లూ రాలేదేమ్మా?" అన్నాడు. నేను నోరు తెరవబోతే అక్కే, "రానివ్వలేదు సార్" అంది. సర్టిఫికెట్టు సిద్ధమైతే ఫోనుకు మెసేజొస్తుందన్నారు.

తిరిగి వస్తూ తెనాలిలో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద అక్కను బెంచీ మీద కూర్చోబెట్టి టీ తాగించాను. నాకు ఉండబట్టలేదు.

"మెసేజు రానీ. ఆదివారం దీవెన కాగానే నేను లేచి అందరి ముందూ చదువుతాను. ఆయన్ని చూస్తూ చదువుతాను."

"ఎవరి మెసేజు?" అంది అక్క.

"నీదే."

"నాది నువ్వు చదవడమేంటి?"

అక్క ఎడమ చేత్తో సంచీలో వెతికి ఒక చిన్న ఫోను బయటికి తీసింది. బొత్తాలున్నది, కొత్తది.

"ఎక్కడిది?"

"పెద్దయ్యగారి ఇంటావిడ కొనిచ్చింది. నువ్వు బట్టలివ్వడానికి పోయినప్పుడు సిమ్ములమ్మే అబ్బాయిని ఇంటికే తీసుకొచ్చింది. సిమ్ము నా పేరు మీదే."

"నాతో చెప్పొచ్చుగా."

"నువ్వడిగావా? ఆ రోజు ఈ ఊళ్లోనే నెంబరేదంటే నీది చెప్పేశావు. నేను పక్కనే ఉన్నాను. ఆయన మీద కోపంలో నన్నడగడం మర్చిపోయావు." ముద్ద ముద్దగానే, "పద. రైలుకింకా టైముంది. మార్చుకొద్దాం" అంది.

"నేనూ ఆయనా ఒకటేనా అక్కా?"

"ఒకటని ఎవరన్నారే? ఆటోని పిలు."

పిలిచాను. కేంద్రంలో అక్కే కంటికి డబ్బా పెట్టించుకుంది. అబ్బాయి నెంబరడిగితే పది అంకెలూ తడుముకోకుండా చెప్పింది. "ఇదెవరిదమ్మా?" అంటే, "నాదే బాబూ" అంది. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. నాకు కోపంగా ఉంది. అక్క మీదో, నా మీదో తెలియదు. నా చేతిలోంచి ఆ ఆదివారాన్ని అక్క లాక్కుందని. ఇలాంటి కోపం కూడా ఆ మనిషి వల్లే వచ్చిందని తిరిగి ఆయన మీదే వేశాను.

రేపల్లె రైల్లో అక్క అడిగింది. "ఇక ఆయన్ని వదిలేస్తావా?"

"వదలను."

"సరే. నీ ఇష్టం." ఫోను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

సర్టిఫికెట్టు మెసేజు ఏ రోజొచ్చిందో కూడా నాకు వెంటనే తెలియలేదు. సచివాలయం నుంచి పింఛను రాయడానికి మనిషొచ్చినప్పుడు తెలిసింది. కానుక జాబితాలోంచి తన పేరు తీసెయ్యమని అక్క పెద్దగారి భార్య ద్వారా ముందే చెప్పి పంపింది.

మొదటి ఆదివారం ఆయన దీనుల కానుకకు పేర్లు చదివాడు. అక్క పేరు రావాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేరు చదివాడు. నా పక్కన అక్క మామ్మతో ఏదో గుసగుసలాడుతోంది, అటు చూడనైనా చూడలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మాత్రం ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. ఆయన చూపు తిప్పుకున్నాక కూడా చూస్తూనే ఉన్నాను.